దవడ సాక్ష్యం ఎంతవరకు?

అర్మడిల్లో మన నేల మీది జంతువు కాదు. రెండు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా అది సహజంగా బతకదు. ఒంటినిండా ఎముక పలకల కవచం, ముందుకు సాగిన మూతి, మట్టి తవ్వి చీమల్నీ చెదల్నీ పురుగుల్నీ తినే బతుకు. అయినా మన వైద్యులకు అది బొత్తిగా పరాయిది కాదు. కుష్ఠు క్రిమిని గాజు పళ్ళెంలో పెంచడం నేటికీ ఎవరివల్లా కాలేదు. 1971లో అమెరికాలో వాల్డెమార్ కిర్క్‌హైమర్, ఎలినర్ స్టోర్స్ తొమ్మిది పట్టీల అర్మడిల్లోకి ఆ క్రిమిని ఎక్కించి, జబ్బు దాని ఒంట్లో బలంగా పాకుతుందని చూపించారు. దాని ఒంటి వేడి మనకంటే తక్కువ. ఆ చల్లదనం క్రిమికి సరిపడింది. ఆ తరవాత కుష్ఠు పరిశోధనకు కావలసిన క్రిమి చాలాకాలం దాని కాలేయం నుంచీ ప్లీహం నుంచీ వచ్చింది. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి పేరు విన్న తెలంగాణ పాఠకులకు ఈ చుట్టరికం వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి జంతువు కింది దవడ ఎముక చేతికిస్తే, అది ఆడదో మగదో చెప్పగలమా? వినడానికి ఊసుపోని ప్రశ్నలా ఉంటుంది. కానీ జంతువు పేరు తీసేసి చూడండి. ప్లాట్ల కోసం పొలం చదును చేస్తుంటే ఎముకలు బయటపడ్డప్పుడు, చెరువు ఎండి పుర్రె తేలినప్పుడు, ఫ్యాక్టరీ షెడ్డు కాలిపోయినప్పుడు పోలీసులు డాక్టరును అడిగే మొదటి మాట అదే: ఆడా, మగా? సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం ఏటా వస్తూనే ఉంటుంది. జవాబులో దవడకు ఎంత బరువు ఇవ్వాలన్నదే ఇక్కడి చర్చ. నా లెక్కలో దానికి మనం ఇస్తున్న బరువు ఎక్కువ. ఎందుకో తెలియాలంటే అర్మడిల్లో దగ్గరే మొదలుపెట్టడం మంచిది. ఈ విద్యలోని చిక్కులన్నీ దానిలో పచ్చిగా కనబడతాయి.

అర్మడిల్లో నోట్లో ముందు పళ్ళుండవు, కోరలుండవు. దవడ పక్కల మేకుల్లాంటి పళ్ళు వరసగా, దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. తొమ్మిది పట్టీల జాతికి ఒక్కో వైపు ఏడెనిమిది. అన్నిటికన్నా పెద్దదైన రాక్షస అర్మడిల్లోకి మొత్తం 80 నుంచి 100 వరకూ లెక్క తేలుతుంది. ఎదిగిన జంతువు పళ్ళకు ఎనామెల్ ఉండదు. అరుగుతూ, వేరు మూసుకోకుండా జీవితాంతం పెరుగుతూ ఉంటాయి. మగ జంతువు తన మగతనాన్ని దవడలో చాటుకునే సాధనం సాధారణంగా కోర. ఇక్కడ ఆ కోరే లేదు. మగవి తగవులాడుకున్నా పంజాలతో రక్కుకోవడం, వెంటబడి తరమడమే. కాబట్టి ఆడ, మగ దవడల మధ్య ఏదైనా తేడా ఉంటే అది ఎముక పొడవులోనో, ఎత్తులోనో, కీలు వెడల్పులోనో దాగి ఉండాలి.

ఆ తేడాను వెతికినవాళ్ళున్నారు. అర్జెంటీనాలో బహియా బ్లాంకా విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద రోమాల అర్మడిల్లో పుర్రెలను ఏళ్ళ తరబడి కొలిచారు. ఉత్తర పాటగోనియా జంతువుల కింది దవడలో లింగభేదం గురించే 2009లో ప్రత్యేకంగా ఒక పత్రం ప్రకటించారు. ఇలాంటి పని కాలిపర్‌తో పదులకొద్దీ కొలతలు తీసి, గణాంకాల్లో వడగట్టి చేసేది. ఒక దవడ పట్టుకుని వెలుతురులో తిప్పి చూసి ఇది ఆడది అని పందెం కట్టేంత తేడా ఏ అర్మడిల్లోలోనూ లేదు. పదుల దవడల సగటుల్లో బయటపడే తేడా వేరు, చేతిలో ఉన్న ఒక్క దవడ గురించి చెప్పగలిగే మాట వేరు. ఈ రెంటినీ కలిపేయడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

తొమ్మిది పట్టీల జాతిలో ఇంకో తిరకాసు ఉంది. అది ఒక కాన్పులో మామూలుగా నాలుగు పిల్లల్ని కంటుంది. నాలుగూ ఒకే అండం చీలి పుట్టినవే కాబట్టి నాలుగూ ఆడవో, నాలుగూ మగవో అయివుంటాయి. అక్కాతమ్ముళ్ళ దవడలు పక్కపక్కన పెట్టి పోల్చుదామంటే ఒక కాన్పులో వీలే లేదు. 1968లో స్టోర్స్, రోజర్ విలియమ్స్ కలిసి ఇలాంటి కవల చతుష్టయాలను పరీక్షిస్తే, జన్యువులు ఒకటే అయినా అవయవాల బరువుల్లో, రసాయనాల్లో చెప్పుకోదగ్గ తేడాలు కనబడ్డాయి. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతిగా తోస్తుంది. ఒకే అచ్చులో పోసినట్టున్న నలుగురి మధ్యే అంత ఎడం ఉంటే, ఆడమగల మధ్య కనబడ్డ కాస్త ఎడాన్ని లింగానికి కట్టబెట్టే ముందు చాలా ఆలోచించాలి.

తిండి సంగతీ ఉంది. 1990లో కాథ్లీన్ స్మిత్, కెంట్ రెడ్‌ఫర్డ్ తొమ్మిది పట్టీల అర్మడిల్లోనూ ఆరు పట్టీల అర్మడిల్లోనూ తీసుకుని నమిలే యంత్రాంగాన్ని విప్పి చూశారు. మొదటిది ఎక్కువగా చీమలూ పురుగుల మీద బతుకుతుంది. దాని దవడ సన్నం, కండరం తక్కువ. రెండోది దుంపా కాయా మాంసం ఏది దొరికితే అది తింటుంది. దాని దవడ దిట్టం. జాతికీ జాతికీ మధ్య తిండి తెచ్చిన ఈ తేడా ముందు, ఒకే జాతిలో ఆడమగల తేడా వెలవెలబోతుంది. ఒకే పుట్ట దగ్గర ఒకే తిండి తినే ఆడకూ మగకూ దవడ వేరుగా ఉండవలసిన పని ఏముంది?

మగది పెద్దది, ఆడది చిన్నది అన్న లెక్క అన్ని చోట్లా చెల్లదన్నది కూడా గుర్తుంచుకోవాలి. డార్విన్ 1871 నాటి పుస్తకంలో మగవాటి పోట్లాటలతో ఈ తేడాలను వివరించాడు. ఆ వివరణ అడవి పందికి, కోతికి చక్కగా సరిపోతుంది. కానీ కాథరిన్ రాల్స్ 1976లో, ఆడది మగదానికన్నా పెద్దగా ఉండే పాలిచ్చే జంతువుల జాబితా తీసి అందులో గబ్బిలాల నుంచి తిమింగలాల దాకా చాలా జాతులున్నాయని చూపింది. దవడ పెద్దదైతే మగ అనే అలవాటు మనసులో ఉంటే అలాంటి జాతుల్లో లెక్క తలకిందులవుతుంది.

దవడ నిజంగానే గట్టి సాక్ష్యం చెప్పే జంతువులు లేకపోలేదు. మంజీర పరివాహకంలో చెరకు, మొక్కజొన్న వేసే రైతును అడిగితే మొదటిదాని పేరు చెబుతాడు. అడవి పంది మగదానికి కింది కోర జీవితాంతం పెరుగుతుంది. అది మూడు పలకలుగా ఉండి, నెలవంకలా వంగి, వేరు దవడ లోపల చాలా దూరం పోతుంది. పైకోరతో రాసుకుని కత్తిలా పదునెక్కుతుంది. ఆడదాని కోర చిన్నది, దాని వేరు కొన్నాళ్ళకు మూసుకుపోతుంది. ఊడిపోయినా ఫరవాలేదు, కోర కూర్చున్న గుంత చూసి చెప్పవచ్చు. పురావస్తు తవ్వకాల్లో పంది ఎముకల ఆడమగ లెక్క కట్టేది దీనితోనే. గుర్రంలోనూ అంతే: మగదానికి కోరపళ్ళుంటాయి, ఆడదానికి చాలామట్టుకు ఉండవు, ఉన్నా బుడిపెల్లా ఉంటాయి. కోతికీ కొండముచ్చుకీ మగవాటి కోరలు పొడవు. పైకోరకు పదును పెట్టే కింది ముందరి నమలుపన్ను కూడా దానికి తగ్గట్టే సాగి ఉంటుంది. ఈ మూడింటిలోనూ తేడా కొలతలో లేదు, నిర్మాణంలోనే ఉంది. అందుకే అది నమ్మకమైన తేడా.

సంతలో పశువు మూతి ఎత్తి పళ్ళు చూసే రైతు ఇందులో ఎంత తెలివిగా ఉంటాడో గమనించండి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని అతడు లెక్కపెట్టేది వయసు కోసం. దవడ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో ఆ ప్రశ్నే దాన్ని అడుగుతాడు.

సంగారెడ్డి పక్కనే మంజీర వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1978లో ఏర్పడింది, మొసళ్ళకు పేరుపడింది. మొసలి దవడ మరో పాఠం. మొసళ్ళలో ఆడా మగా అన్నది తేలేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోముతో కాదు, ఇసుకలో గుడ్డు పొదిగిన వేడితో. మగ మొసలి ఆడదానికన్నా బాగా పెద్దదవుతుంది, నిజమే. కానీ మొసలి ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంటుంది. ఒడ్డున దొరికిన రెండడుగుల లోపు దవడ ఎదిగిన ఆడదానిదా, ఇంకా ఎదుగుతున్న మగదానిదా? వయసు తెలియకుండా పరిమాణం చూసి లింగం చెప్పబోతే ఇక్కడ దారి మూసుకుపోతుంది. మనుషుల దవడల విషయంలోనూ సగం తగాదా ఇదే.

అర్మడిల్లోకి మన దగ్గర సాటి వచ్చే జంతువు అలుగు. ఒంటిమీద పొలుసులు, ముడుచుకుంటే బంతి, చీమలూ చెదలూ తిండి. చూడగానే ఇద్దరూ అన్నదమ్ములనిపిస్తారు గానీ రక్తసంబంధం లేదు. అర్మడిల్లోకి దగ్గరివాళ్ళు దక్షిణ అమెరికా స్లాత్‌లు, చీమతినే జంతువులు. అలుగుకు దగ్గరివాళ్ళు పిల్లి, కుక్క, పులి జాతుల మాంసాహారులు. ఒకే తిండి ఇద్దరినీ ఒకే రూపులోకి లాక్కొచ్చింది.

నల్లమలతో సహా తెలుగు నేల అడవుల్లో ఉండే మన అలుగుకు అసలు పళ్ళే లేవు. దవడ అంటే ముందు భాగంలో అతుక్కున్న రెండు సన్నటి పుల్లలు, అంతే. నమలడానికి లాగే పెద్ద కండరం పట్టుకునే కొమ్ము కూడా దవడలో లేదు. కొసన మాత్రం పన్నులాంటి చిన్న ఎముక మొనలు రెండు పొడుచుకొస్తాయి. నమిలే పని కడుపు చేస్తుంది, మింగిన ఇసుకరేణువుల సాయంతో. మగ అలుగు ఆడదానికన్నా బరువైనదన్నది తెలిసిన సంగతే. ఆ బరువు దవడలో ఎంతవరకు కనబడుతుందో చెప్పాలంటే ఆడదో మగదో ముందే రాసిపెట్టిన పుర్రెలు చాలా కావాలి. ఇక్కడే మన బండి ఆగిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అలుగు ఉంది. 2016లో వన్యప్రాణుల వ్యాపారం మీద జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దాని అంతర్జాతీయ వ్యాపారాన్నీ పూర్తిగా ఆపేశారు. అయినా వేట ఆగలేదు. అధికారులకు పట్టుబడేది ఎక్కువగా పొలుసుల మూట, పుర్రె కాదు. ఒక్కోసారి కళేబరం దొరికినా పంచనామా అయ్యాక కాల్చేస్తారు. రక్షించవలసిన జంతువు ఒంటి లెక్కలు పోగుచేసే అవకాశం ఆ మంటలో పోతోంది.

ఇక మనిషి దగ్గరికి. మనిషికి కోర చిన్నబోయి చాలా లక్షల ఏళ్ళయింది. అందుకని మన దవడ అడవి పంది కన్నా అర్మడిల్లోకే దగ్గర: తేడా ఉంది గానీ అది ఎక్కువ తక్కువల తేడా. పాఠ్యపుస్తకాలు చెప్పే లక్షణాలు డాక్టర్లందరికీ కంఠస్థమే. మగవాడి గడ్డం చదరంగా, ఆడమనిషిది కాస్త కోసుగా. మగవాడి దవడ మూల బయటికి విచ్చుకుని, కండరం పట్టిన గరుకు గీతలతో; ఆడమనిషిది నున్నగా. మగవాడి దవడ ఎత్తు, బరువు ఎక్కువ. మూల కోణం కొంచెం తక్కువ. 1994లో జేన్ బ్యూక్‌స్ట్రా, డగ్లస్ ఉబెలేకర్ కూర్చిన ప్రమాణాల్లో గడ్డం ఉబ్బును 1 నుంచి 5 దాకా అంకెలతో గుర్తించే పద్ధతి ఉంది. 1 అంటే ఆడ వైపు, 5 అంటే మగ వైపు. మధ్యలో 3 ఎందుకు పెట్టారో దవడలు పట్టుకున్నవాళ్ళకు తెలుసు.

ఎంత నమ్మవచ్చు? విల్టన్ క్రాగ్‌మన్ 1962లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ పరీక్షల్లో అడుగుతారు: అస్థిపంజరం మొత్తం ఉంటే 100 శాతం, కటి ఎముక ఒక్కటే ఉంటే 95, పుర్రె ఉంటే 92. ఇవి దిట్టమైన అమెరికన్ ఎముకల మీద, అనుభవజ్ఞుడి కంటికి వచ్చిన అంకెలు. 1964లో యూజీన్ గైల్స్ ఒక్క కింది దవడ కొలతలతో సమీకరణాలు కట్టి చూస్తే సుమారు 85 శాతం దగ్గర ఆగింది. 1996లో సుసాన్ లోత్, మసీయె హెన్నెబర్గ్ కొత్త గుర్తు కనిపెట్టామన్నారు. ఎదిగిన మగవాడి దవడ వెనక నిలువు భాగం నమలుపళ్ళ మట్టం దగ్గర వెనక్కి వంగుతుందని, ఆ వంపు ఒక్కటి చూస్తే 94 శాతం సరిగ్గా చెప్పవచ్చని వాళ్ళ మాట. రంగం ఉలిక్కిపడింది. తరవాతి రెండు మూడేళ్ళలో ఇతరులు, ఎముక ఎవరిదో ముందుగా తెలియకుండా అదే పరీక్ష చేస్తే అంకె బాగా కిందికి జారింది. 2001లో లోత్, హెన్నెబర్గ్‌లే పసిపిల్లల దవడల్లో కూడా 81 శాతం చెప్పవచ్చన్నారు. మరుసటి ఏడు లూయీజ్ షాయర్ పేర్లు దాచి పరీక్షిస్తే 64 వచ్చింది. ఏమీ చూడకుండా బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుందని మరవకూడదు.

లోత్, హెన్నెబర్గ్‌లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొత్త పద్ధతిని కనిపెట్టినవాడి చేతిలో అది ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది. ఆ ఎముకలతో అతడి కన్ను అలవాటుపడి ఉంటుంది. ఇంకో చోటి ఎముకలు, ఇంకొకరి కన్ను తోడైనప్పుడు నిలిచే అంకే అసలు అంకె.

మన దేశపు కథ ఇంకా ఆసక్తికరం. కింది కోరపన్ను మనుషుల పళ్ళలో ఆడమగ తేడా ఎక్కువగా చూపేదని 1960ల నుంచీ తెలుసు. దాన్ని పట్టుకుని 1989లో ఎన్.జి.రావు, ఆయన సహచరులు కర్ణాటకలో ఒక సూచిక తయారుచేశారు. కోరపన్ను వెడల్పును రెండు కోరల మధ్య దూరంతో భాగించాలి. వచ్చిన అంకె ఒక గీతకు పైనుంటే మగ, కిందుంటే ఆడ. సుమారు 85 శాతం కుదిరిందన్నారు. కాలిపర్ ఒక్కటుంటే చాలు, బతికున్న మనిషి నోట్లోనైనా కొలవవచ్చు. ఇంకేం, దేశమంతటా దంత వైద్య కళాశాలల్లో పీజీ విద్యార్థులకు అది ఇష్టమైన థీసిస్ అంశమైంది. 2011లో ధార్వాడ్ పరిశోధకులు తిరిగి పరీక్షించి దాని పునాదినే ప్రశ్నించారు. మగవాడికి పన్నూ పెద్దదే, పళ్ళ మధ్య దూరమూ పెద్దదే. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే మనం వెతికే తేడాయే చెరిగిపోతుంది. ఇరవై ఏళ్ళు ఎందరో కొలిచిన సూచికలో ఈ చిన్న లెక్క ఎవరికీ తట్టకపోవడం విడ్డూరమే. పన్ను వెడల్పును నేరుగా కొలిస్తేనే ఎక్కువ చెబుతుంది.

అసలు చిక్కు సమీకరణంలో లేదు, దాని వెనకున్న ఎముకల గదిలో ఉంది. గైల్స్ కొలిచినవి అమెరికన్ సేకరణల ఎముకలు. లోత్ చూసినవాటిలో ఎక్కువ దక్షిణాఫ్రికాలోని డార్ట్ సేకరణవి. సగటున ఎముక సన్నగా ఉండే జనాల మీద ఆ గీతలు పెడితే మగవాళ్ళు ఆడవాళ్ళ ఖాతాలో పడిపోతారు. మరి మన సేకరణ ఏది? ఇక్కడ చేదు నిజం ఒకటుంది. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్య విద్యార్థులు చదువుకున్న అస్థిపంజరాలు చాలావరకు మన దేశం నుంచి, ముఖ్యంగా కలకత్తా నుంచి వెళ్ళినవే. 1985లో ప్రభుత్వం ఎగుమతి నిషేధించేదాకా ఆ వ్యాపారం సాగింది. అంతమంది మనుషుల ఎముకలు వెళ్ళాయి గానీ ఏ ఎముకతోనూ పేరు, ఊరు, వయసు, లింగం వెళ్ళలేదు. మన కళాశాలల్లో మిగిలిన పాత ఎముకల పెట్టెలదీ ఎక్కువగా అదే పరిస్థితి. ముందు పుర్రె రూపు చూసి ఇది మగది అని నిర్ణయించి, తరవాత దాని దవడ కొలిచి మగవాడి దవడ ఇలా ఉంటుందని రాస్తే అది గానుగెద్దు నడక.

ఇప్పుడు ఆ స్థానంలో ఓపీజీ వచ్చింది. నోరంతా ఒకే పటంలో చూపే ఆ ఎక్స్‌రే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన చాలామందికి తెలిసిందే. సంగారెడ్డి శివార్లలో దంత వైద్య కళాశాల ఉంది; హైదరాబాదు చుట్టూ ఇంకా ఉన్నాయి. బతికున్న మనిషి పటం కాబట్టి ఆడా మగా, వయసు ఎంత అన్న సందేహం లేదు. దవడ నిలువు భాగం ఎత్తు, మూల కోణం తెర మీదే కొలవవచ్చు. అయితే ఆ యంత్రం బొమ్మను కాస్త పెద్దది చేస్తుంది, తల వంచిన తీరును బట్టి సాగదీస్తుంది. ఎక్స్‌రే మీద కట్టిన గీతను ఎండిన ఎముకకు నేరుగా పెట్టకూడదు.

ఎవరి కొలతలతో పోల్చాలన్నది పటాన్‌చెరు ప్రాంతానికి మరీ పెద్ద సమస్య. 1960ల్లో రామచంద్రాపురంలో భెల్ వచ్చింది. ఆ తరవాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరసగా మందుల, రసాయనాల, ఇనుము ఫ్యాక్టరీలతో నిండాయి. 1972లో వచ్చిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఒక్కటే ఆ మధ్యలో పచ్చగా మిగిలింది. లేబర్ అడ్డా మీద నిలబడితే తెలుగు కన్నా హిందీ, ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ ఎక్కువ వినబడతాయి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఇక్కడ దొరికిన దవడను ఏ జనం కొలతలతో పోల్చాలి? తెలంగాణ కొలతలంటూ ఒక పట్టిక రేపు తయారైనా, ఈ షెడ్లలో పనిచేసేవాళ్ళలో చాలామందికి అది వర్తించకపోవచ్చు. పైగా దవడ రూపం పుట్టుకతో మాత్రమే వచ్చేది కాదు. 2011లో నోరీన్ ఫాన్ క్రామన్-టౌబడెల్ ప్రపంచమంతటి జనాల దవడలు పోల్చి, వేటా సేకరణల మీద బతికినవాళ్ళ దవడకూ వ్యవసాయం తిండి తిన్నవాళ్ళ దవడకూ ఆకారంలో తేడా ఉందని చూపింది. తిన్న తిండి, నమిలిన నమలడం ఎముకలో మిగిలిపోతాయి. పళ్ళూడినవాడి దవడ అరిగి, మూల మారి, ఏ కొలతకూ అందదు. అరవై దాటిన కూలీ దవడ మగవాడిదో కాదో చెప్పడం అన్నిటికన్నా కష్టం.

ఇంకో లెక్క ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక షెడ్డులో పదిమంది పనిచేస్తుంటే తొమ్మిది మంది మగవాళ్ళే అనుకుందాం. అక్కడ దొరికిన ఏ ఎముకనైనా కళ్ళు మూసుకుని మగ అని రాసేవాడు 90 శాతం సరైనవాడే. 85 శాతం పద్ధతి అక్కడ ఉపయోగం లేకపోగా నష్టం చేస్తుంది. ఆ పదో మనిషి ఇంటివాళ్ళకు మాత్రం కళ్ళు మూసుకుని రాసిన తొంభై శాతంతో పని లేదు.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు ఈ మాటలన్నిటికీ బరువు తెచ్చింది. దొరకనివాళ్ళతో కలిపి యాభై మందికి పైగా పోయారు. బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్ వంటి రాష్ట్రాల కార్మికులు, మన తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. చాలా దేహాలు గుర్తుపట్టలేనంతగా కాలిపోయాయి. పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి దగ్గర బంధువుల నుంచి రక్త నమూనాలు తీసుకుని డీఎన్ఏతో సరిపోల్చి ఒక్కొక్కరినీ అప్పగించారు. ఎనిమిది మంది ఆనవాలు చివరిదాకా దొరకలేదు.

అలాంటి మంటలో దవడ ఏమవుతుంది? కింది దవడ గట్టి ఎముక, పెదాలూ బుగ్గలూ నాలుకా కొంతసేపు కాపు కాస్తాయి. అందుకే చాలా అగ్నిప్రమాదాల్లో అది, దాని గుంతల్లో దిగిన పళ్ళ వేళ్ళు మిగులుతాయి. బయటున్న ఎనామెల్ వేడికి పెటిలిపోతుంది. వేడి ఏడెనిమిది వందల డిగ్రీలు దాటితే ఎముక తెల్లబడి, చిట్లి, కుంచించుకుపోతుంది. పదో వంతు తగ్గడం కూడా అసాధారణం కాదు. ఆడమగల మధ్య సగటు తేడాయే ఇంచుమించు అంత. అంటే కాలిన మగవాడి దవడ కాలిపర్‌లో ఆడమనిషి దవడగా మారిపోగలదు. ఇంత మంట చూసిన ఎముక మీద కొలతల పద్ధతి వాడకపోవడమే మేలు. అక్కడ దవడ విలువ లింగం చెప్పడంలో కాదు. సిమెంటు నింపిన పన్ను, తొడుగు, పీకేసిన గుంత, పాత ఎక్స్‌రేతో పోల్చితే మనిషి పేరే చెప్పగలవు. ఎక్స్‌రే తీయించుకునే స్తోమత కార్మికుడికి ఉంటే.

డీఎన్ఏ విషయంలో హైదరాబాదుకు పెద్ద చరిత్రే ఉంది. ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ దేశీ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని తయారుచేశాడు, 1990ల్లో దానికోసమే సీడీఎఫ్‌డీ ఏర్పడింది. లింగం తేల్చడానికి ప్రపంచమంతా వాడే జన్యువు పేరు అమెలోజెనిన్. పని పంటి ఎనామెల్ కట్టడం. అది ఎక్స్ క్రోమోజోము మీదా ఉంది, వై మీదా ఉంది. రెంటి పొడవుల్లో ఆరు అక్షరాల తేడా. రెండు పొడవులూ కనబడితే మగ, ఒక్కటే కనబడితే ఆడ. ఇంతకన్నా తేలికైన పరీక్ష ఉండదనుకున్నారు. 2002లో సీసీఎంబీ నుంచి తంగరాజ్, ఎ.జి.రెడ్డి, లాల్జీ సింగ్ 270 మంది భారతీయ మగవాళ్ళను పరీక్షిస్తే ఐదుగురిలో వై మీది ఆ ముక్కే లేదు. ఆ ఒక్క పరీక్షను నమ్ముకుంటే వాళ్ళు కాగితం మీద ఆడవాళ్ళయిపోతారు. వందలో ఇద్దరు తక్కువే అనిపించవచ్చు, ఆ ఇద్దరిలో ఒకడు మన కేసువాడు కానంతవరకు. ఇప్పుడు జాగ్రత్త గల ప్రయోగశాలలు వై క్రోమోజోము మీది ఇతర గుర్తులు కూడా చూస్తాయి.

2017 నుంచి మరో దారి తెరుచుకుంది: ఎనామెల్‌లో మిగిలిన అమెలోజెనిన్ ప్రొటీన్ ముక్కలను నేరుగా చదవడం. డీఎన్ఏ చెడిపోయిన వేల ఏళ్ళ నాటి పంటి నుంచి కూడా, పసిపిల్లల పంటి నుంచి కూడా ఆడా మగా చెప్పగలిగారు. దవడ రూపం చూసి చెప్పలేని చోటే ఇది పనికొస్తుంది. మగ ముక్క కనబడితే ఖాయం. కనబడకపోతే మాత్రం ఆడ అని గట్టిగా అనడానికి ముందు పైన చెప్పిన ఐదుగురిని తలుచుకోవాలి. అర్మడిల్లో మీద ఈ విద్య పారదు, దానికి ఎనామెలే లేదు గనక. 2009లో రాబర్ట్ మెరిడిత్, మార్క్ స్ప్రింగర్ బృందం చూపినట్టు, ఎనామెల్ లేని, పళ్ళు లేని పాలిచ్చే జంతువుల్లో ఎనామెల్ కట్టే జన్యువే పాడుబడి పడివుంటుంది.

ఈ లెక్కలన్నీ చూశాక నా తీర్పు ఇది. మగదాని కోర ప్రత్యేకంగా పెరిగే జంతువులో దవడ ఒక్కటే చాలు. అలాంటి కోర లేని జంతువులో, మనిషితో సహా, దవడ ఒక అభిప్రాయం మాత్రమే. కటి ఎముక దొరికితే దాని ముందు దవడ మాట చెల్లదు, డీఎన్ఏ దొరికితే రెండూ పక్కకు జరగాలి. ఉన్నదల్లా దవడే అయితే చెప్పవచ్చు గానీ, ఎంతవరకు తప్పవచ్చో కూడా అక్కడే చెప్పాలి.

చేయవలసిన పనులకు పెద్ద ఖర్చు కూడా లేదు. అటవీ శాఖవారు చనిపోయి దొరికిన అలుగు కళేబరాన్ని కాల్చే ముందు చట్టప్రకారం పుర్రెను భద్రపరచి, ఆడదా మగదా, బరువెంత, ఏ అడవిలో దొరికిందో చీటీ కట్టి ఒక మ్యూజియంకు అప్పగించాలి. దంత వైద్య కళాశాలలు ఓపీజీలను రోగి అనుమతితో, పేరు తీసేసి, వయసూ లింగమూ పుట్టిన జిల్లా రాసి దాచాలి. ఒడిశా, బీహార్ కార్మికుల పటాలు కూడా. కర్మాగారాలు కార్మికుల వైద్య పరీక్షల్లో పళ్ళ పటం ఒకటి చేర్చాలి. పోస్టుమార్టం నివేదిక రాసే డాక్టర్లు దవడ చూసి పురుషుడు, స్త్రీ అని రాసే చోట ఏ జనం కొలతలతో పోల్చారో, తప్పే అవకాశం ఎంతో ఒక వాక్యం కలపాలి. ఆ వాక్యం లేకపోతే కోర్టులో న్యాయవాదులు అడగాలి.